ఇంట్లో ఇంగ్లీష్ గడగడా మాట్లాడే పిల్లకి రష్యన్ స్కూల్లో ఇంగ్లీష్‌లో మూడు! ఈ బ్రాకెట్ల గ్రామర్ ఎలా ప్రాక్టీస్ చేయించాలి?

మాస్కో_మాధవి
పాప ఐదో క్లాసు, ఇక్కడ మామూలు రష్యన్ స్కూల్లో చదువుతోంది. రష్యన్ బాగా పట్టుబడింది, లెక్కల్లో ఐదు వస్తోంది. తెలియని వాళ్ళ కోసం: ఇక్కడ ఐదే టాప్, రెండు వస్తే ఫెయిల్. ఇంగ్లీష్‌లో మాత్రం ఈ టర్మ్ మూడు. ఇంట్లో మాతో సగం తెలుగు, సగం ఇంగ్లీష్ మాట్లాడే పిల్ల, సొంతంగా కథల పుస్తకాలు చదువుకునే పిల్ల!

నిన్న నోట్‌బుక్ చూశాను. ఎక్సర్‌సైజ్‌లో 'వెన్ ఐ కమ్ హోమ్, మై మదర్ కుక్ డిన్నర్' అని ఉంది. కమ్, కుక్ రెండూ బ్రాకెట్లలో ఉన్నాయి, వాటిని సరైన రూపంలోకి మార్చాలి. ఇది 'వెన్ ఐ కమ్ హోమ్, మై మదర్ కుక్స్ డిన్నర్' అని రాసింది. ఎర్ర గీత. ఇంకోచోట 'డు యు హావ్ ఎ పెట్' అని రాస్తే దాన్ని కొట్టేసి 'హావ్ యు గాట్' అని రాశారు. రెండూ కరెక్టే కదా? పైగా సూచనలన్నీ రష్యన్‌లోనే, నాకేమో అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. మా ఆయన వదిలేయమంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఇలాంటి ఎక్సర్‌సైజ్‌లు ఇంట్లో ఎలా చేయించాలి? అసలు వీటివల్ల ఉపయోగం ఉందా?

బందరు_మాస్టారు
అమ్మా, ఆ ఎక్సర్‌సైజ్ పైన హెడ్డింగ్ ఏముంది? పాస్ట్ కంటిన్యుయస్ అని ఉంటే టీచర్ గీత పెట్టడంలో తప్పు లేదు. విడిగా చూస్తే పాప వాక్యం ముమ్మాటికీ కరెక్టే. కానీ ఆ రోజు పాఠం 'నేను వచ్చేసరికి అమ్మ వండుతూ ఉంది' అనే రూపం కోసం పెట్టింది. 'కేమ్', 'వాజ్ కుకింగ్' రాస్తుందని టీచర్ ఎదురుచూస్తారు.

మాస్కో_మాధవి
అవును మాస్టారు, పైన అదే ఉందట. పాప హెడ్డింగ్ చదవకుండా నేరుగా వాక్యాల్లోకి వెళ్ళిపోతోంది.

సత్తెనపల్లి_శ్రీను
ఇంగ్లీష్ వచ్చిన పిల్లకి ఇంగ్లీష్‌లో మూడు వేశారంటే లోపం ఆ పద్ధతిలోనే ఉంది. బ్రాకెట్లు నింపుకుంటూ కూర్చుంటే భాష వస్తుందా? నేను రష్యన్ క్లయింట్లతో పనిచేశాను. స్కూల్లో ఏళ్ళ తరబడి ఇంగ్లీష్ చదివామంటారు, ఫోన్ కాల్ అనగానే మెయిల్ పెట్టమంటారు.

కజాన్_కుర్రాడు
మాధవి అక్కా, ముందు సూచనల సంగతి తేల్చేద్దాం, అవి నాలుగైదు రకాలే తిరిగి తిరిగి వస్తుంటాయి. నేను ఇక్కడ ఎంబీబీఎస్. హాస్పిటల్లో పేషెంట్లతో రష్యన్‌లోనే మాట్లాడాలి కాబట్టి నేర్చుకోక తప్పలేదు.

'రస్క్రోయ్‌తె స్కోబ్కి' అంటే బ్రాకెట్లు విప్పమని, అంటే లోపలున్న క్రియని సరైన రూపంలో రాయమని. 'వ్‌స్తావ్‌తె' అని మొదలైతే ఖాళీలు పూరించాలి. 'సొయెదినీతె' అంటే జతపరచండి. 'పెరెవెదీతె' అంటే అనువదించండి. 'ప్రొచితాయ్‌తె' అంటే చదవండి, పక్కన 'వ్‌స్లూఖ్' ఉంటే పైకి చదవాలి. ఇవి ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి, చాలు.

నెవా_ఒడ్డున
శ్రీనుగారి మాటలో కొంత నిజముంది, కానీ సగమే. మాది సెయింట్ పీటర్స్‌బర్గ్, మావారు రష్యన్, మా అమ్మాయి ఇక్కడే పదకొండో క్లాసు దాకా చదివి ఇంగ్లీష్ ఎగ్జామ్ రాసింది. ఆ పుస్తకాలన్నీ మా వంటింటి టేబుల్ మీదే నలిగాయి.

ఆ ఎక్సర్‌సైజ్‌లు ఇంగ్లీష్ వచ్చిన పిల్లల కోసం రాసినవి కావు, రష్యన్ మాత్రమే తెలిసిన పిల్లల కోసం రాసినవి. రష్యన్‌లో 'యా చితాయు' అంటే 'ఐ రీడ్' అనీ అవుతుంది, 'ఐ యామ్ రీడింగ్' అనీ అవుతుంది. రోజూ చదువుతానన్నా ఇప్పుడు చదువుతున్నానన్నా వాళ్ళకి ఒకటే రూపం. అందుకే ప్రెజెంట్ సింపుల్, ప్రెజెంట్ కంటిన్యుయస్ పక్కపక్కన పెట్టి పేజీలకు పేజీలు బ్రాకెట్లు విప్పిస్తారు. మాధవిగారి పాపకి ఆ తేడా ముందే తెలుసు కాబట్టి విసుగొస్తుంది, విసుగొస్తే హెడ్డింగ్ చూడదు. తనకి అసలు తడబాటు ఎక్కడుందో పట్టుకుని ఆ పేజీలే చేయించండి. అన్నీ వరసగా చేయిస్తే ఇంగ్లీష్ మీదే అసహ్యం పుడుతుంది.

తణుకు_లక్ష్మి
మాధవీ, మాస్కోలో కేంద్రీయ విద్యాలయం ఉందిగా, ఎంబసీ వాళ్ళది? అందులో వేస్తే ఈ గొడవే ఉండదు కదా!

మాస్కో_మాధవి
ఉంది అక్కా, కానీ మేముండేది ఊరికి ఆ చివర. పైగా ఇక్కడే ఉండబోతున్నాం, రష్యన్ పిల్లలతో కలిసి పెరగాలని మేమే కావాలని వేశాం.

రాదుగ_పాఠకుడు
నా చిన్నప్పుడు మాస్కో నుంచి రాదుగ, ప్రగతి ప్రచురణల వాళ్ళ తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకాల షాపులో దొరికేవి, వాటి మీద ప్రేమతో హైదరాబాద్‌లో రష్యన్ నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంగ్లీష్ నేర్పుతున్నాను. అందుకే ఈ చర్చ చూడగానే ఆగలేకపోయాను.

రష్యన్ వాళ్ళ కోసం రాసిన ఇంగ్లీష్ ఎక్సర్‌సైజ్‌లు తెలుగు మీడియం పిల్లలకి అద్భుతంగా పనికొస్తాయి. ఎందుకంటే ఇంగ్లీష్ దగ్గర మనమూ వాళ్ళూ ఎక్కువగా ఒకేచోట పడతాం. చూడండి:

రష్యన్‌లో ఆర్టికల్స్ లేవు. మనకీ లేవు. 'ఆయన డాక్టరు' అన్నట్టే వాళ్ళు 'ఓన్ వ్రాచ్' అంటారు, మధ్యలో 'ఈజ్' లేదు. కాబట్టి అక్కడి పిల్లాడూ ఇక్కడి పిల్లాడూ 'హి డాక్టర్' అనే రాస్తాడు. 'నాకో తమ్ముడున్నాడు' అన్నట్టే వాళ్ళు 'ఊ మెన్యా యెస్త్ బ్రాత్' అంటారు, నా దగ్గర తమ్ముడున్నాడన్నట్టు. 'ఐ హావ్' అని మనిషిని కర్తగా పెట్టడం ఇద్దరికీ కొత్తే. 'నాకు చలేస్తోంది', 'నాకు పదేళ్ళు' అని మనం 'కు' పెడతాం, వాళ్ళూ అదే విభక్తి వాడతారు. ఇంగ్లీష్‌లోనేమో 'ఐ యామ్ కోల్డ్', 'ఐ యామ్ టెన్'. 'నాకేమీ తెలియదు' అన్నప్పుడు మనకి 'ఏమీ', 'తెలియదు' రెండూ కావాలి, వాళ్ళకీ రెండు వ్యతిరేకాలు కావాలి. ఇంగ్లీష్‌లో రెండు పెడితే తప్పు. 'కదా' ఒక్కటి అన్ని వాక్యాల చివరా సరిపోతుంది మనకి, వాళ్ళకీ అలాంటి తోక ఒకటుంది. ఇంగ్లీష్ వాడు మాత్రం 'ఈజ్ంట్ హి', 'డోంట్ దే', 'కాన్ట్ యు' అని ప్రతిసారీ మారుస్తాడు. ఒంట్లో బాలేదని చెప్పాడు అంటాం, 'బాలేకపోయిందని' అనం. రష్యన్‌లోనూ కాలం వెనక్కి జరగదు. ఇంగ్లీష్‌లో 'హి సెడ్ హి వాజ్ ఇల్' అనాలి.

రష్యన్ స్కూళ్ళలో వీటన్నిటికీ విడివిడిగా ఎక్సర్‌సైజ్‌లున్నాయి, ఒక్కో ఇబ్బందికి ఒక్కో పేజీ. మన పుస్తకాల్లో ఆర్టికల్స్‌కి ఎంత చోటుంటుందో మాస్టారే చెప్పాలి.

బందరు_మాస్టారు
చాలా తక్కువండీ. వాయిస్, రిపోర్టెడ్ స్పీచ్, డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ అని వాక్యాన్ని ఇటు నుంచి అటు తిప్పించడం మీదే మన దృష్టి. పాసివ్ వాయిస్‌లోకి చక్కగా మార్చే పిల్లలు 'మై ఫాదర్ ఫార్మర్' అని రాయడం నేను ఏటా చూస్తాను. మీ జాబితా ప్రింట్ తీసి స్టాఫ్ రూమ్‌లో పెడతాను.

సిరి_వైజాగ్
రాదుగగారి పోస్ట్‌కి నాదొక చిన్న సవరణ. కంటిన్యుయస్ దగ్గర మనం వాళ్ళకి పూర్తిగా రివర్స్. వాళ్ళు వాడాల్సిన చోట వాడరు, మనం అక్కర్లేని చోట కూడా వాడతాం. 'ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్', 'ఐ యామ్ నాట్ నోయింగ్' మనవాళ్ళ స్పెషాలిటీ. కాబట్టి ఆ పేజీలు మన పిల్లలకి యథాతథంగా ఇస్తే సరిపోదు.

రాదుగ_పాఠకుడు
బాగా పట్టుకున్నారు. చదువుతాను, చదువుతున్నాను అని మనకి రెండు రూపాలున్నాయి కాబట్టి తేడా తేలిగ్గానే తెలుస్తుంది. నో, హావ్ ('ఉంది' అనే అర్థంలో), లైక్, బిలీవ్ లాంటి క్రియలతో సాధారణంగా 'ఇంగ్' రాదని మాత్రం మనవాళ్ళకి విడిగా చేయించాలి.

సత్తెనపల్లి_శ్రీను
సరే, జాబితా బాగుంది, ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. విడి వాక్యాల్లో 'ఎ', 'ద' నింపిన పిల్లాడు సొంతంగా ఒక ఉత్తరం రాసేటప్పుడు అవి పెడతాడా? నేను చూసినంతలో పెట్టడు. చదవాలి సార్, బోలెడు చదవాలి. భాష అలాగే వస్తుంది.

పద్మజ_కొలంబస్
శ్రీనుగారికి ప్లస్ వన్. మా పిల్లలకి గ్రామర్ రూల్ ఒక్కటి కూడా చెప్పలేదు, లైబ్రరీ నుంచి సంచులకొద్దీ పుస్తకాలు తెచ్చి పడేశాం అంతే.

నెవా_ఒడ్డున
పద్మజగారూ, మీ పిల్లలు బడిలో, బస్సులో, టీవీలో రోజంతా ఇంగ్లీష్ వింటారు. ఇక్కడి పిల్లలు ఇంగ్లీష్ వినేది వారానికి కొన్ని పీరియడ్లే. బయట బోర్డులు, సినిమాలు, చివరికి కార్టూన్లు కూడా రష్యన్ డబ్బింగే. అలాంటి చోట ఊరికే పుస్తకాలు పడేస్తే చదవరు, చదివినా 'ద'ని చూడరు. ఎవరో ఒకరు వేలు పెట్టి చూపించాలి.

రాదుగ_పాఠకుడు
శ్రీనుగారి ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు: విడి వాక్యాలతో మొదలుపెట్టాలి, అక్కడే ఆగిపోకూడదు. నేను చేయించే పద్ధతి చెప్తాను. ఏదైనా చిన్న కథ తీసుకుని 'ఎ', 'ద' అన్నీ తెల్ల రంగుతో చెరిపేస్తాను. పిల్లలు ప్రతి ఖాళీ దగ్గరా తెలుగులో ఆలోచించాలి, అక్కడ 'ఒక' అంటామా, 'ఆ' అంటామా అని. 'ఒక అబ్బాయి' అనిపిస్తే 'ఎ బాయ్', 'ఆ అబ్బాయి' అనిపిస్తే 'ద బాయ్'. 'ద సన్' లాంటి చోట్ల ఈ కిటుకు పనిచేయదు. కానీ కథ చెప్పేటప్పుడు చాలావరకు దారి చూపిస్తుంది.

రష్యన్ పిల్లలకి ఇదే పనిని మాటల వరసతో చేయిస్తారు. 'వ్ కోమ్నతు వొషోల్ మాల్చిక్' అంటే గదిలోకి ఎవరో అబ్బాయి వచ్చాడు, కొత్తవాడు చివర్లో వస్తాడు, అది 'ఎ బాయ్'. 'మాల్చిక్ వొషోల్ వ్ కోమ్నతు' అంటే మనకి తెలిసిన అబ్బాయే వచ్చాడు, అది 'ద బాయ్'. మాధవిగారి పాపకి రెండు భాషలూ వచ్చు కాబట్టి రెండు దారులూ ఉన్నాయి. అదెంత అదృష్టమో చూడండి.

గోదారి_గట్టు
ఎప్పుడూ రాయని నేను కూడా లాగిన్ అయ్యాను ఈ పోస్ట్ కోసం. సేవ్ చేసుకున్నా.

కజాన్_కుర్రాడు
ఒక సరదా సంగతి. ఇక్కడ ఏ వయసు వాళ్ళనైనా అర్ధరాత్రి లేపి ఇంగ్లీష్ మాట్లాడమంటే 'లండన్ ఈజ్ ద కేపిటల్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్' అంటారు. స్కూల్లో 'టాపిక్' అని చిన్న పాఠాలు కంఠతా పట్టించేవాళ్ళు, అందులో మొదటి వాక్యమది. మా హాస్టల్ గార్డు కూడా నన్ను చూడగానే అదే అంటాడు, నేను 'ఢిల్లీ ఈజ్ ద కేపిటల్ ఆఫ్ ఇండియా' అంటాను. మంచి స్నేహం కుదిరింది.

తణుకు_లక్ష్మి
మా రోజుల్లో 'ది కౌ ఈజ్ ఎ డొమెస్టిక్ యానిమల్' ఉన్నట్టు అన్నమాట 😄

మాస్కో_మాధవి
అందరికీ థ్యాంక్స్. గ్రామర్ సంగతి కొంచెం అర్థమైంది. రీడింగ్ కూడా చెప్పండి. పాప కథలు చదువుతుంది కానీ రీడింగ్ టెస్ట్‌లో మార్కులు పోతున్నాయి. 'ట్రూ, ఫాల్స్, నాట్ స్టేటెడ్' అని మూడు ఇస్తారు, మూడోది దానికి అస్సలు కొరుకుడు పడట్లేదు.

నెవా_ఒడ్డున
అది తొమ్మిదో క్లాసు చివర రాసే పరీక్షలో ఉంటుంది, అందుకే ముందు నుంచీ అలవాటు చేస్తారు. మా అమ్మాయికీ మొదట్లో అక్కడే పోయేవి. ఒక ఉదాహరణ చెప్తాను. పాఠంలో ఇలా ఉందనుకోండి: టామ్ ఒక చిన్న ఊళ్ళో బామ్మతో ఉంటాడు, రోజూ నడిచి బడికి వెళ్తాడు.

'టామ్ బస్సులో బడికి వెళ్తాడు' ఫాల్స్, ఎందుకంటే నడిచి వెళ్తాడని పాఠంలోనే ఉంది. 'టామ్ అమ్మానాన్నలు లండన్‌లో పనిచేస్తారు' నాట్ స్టేటెడ్. బామ్మతో ఉంటున్నాడంటే అమ్మానాన్నలు ఎక్కడో దూరంగా ఉండే ఉంటారని కథలు బాగా చదివే పిల్లలు ఊహించేస్తారు. మీ పాపకి మార్కులు పోయేది ఆ ఊహ దగ్గరే. ఫాల్స్ అనాలంటే దాన్ని కాదనే వాక్యం పాఠంలో కనిపించాలి, పెన్సిల్‌తో దాని కింద గీత గీయగలగాలి. గీత గీయడానికి వాక్యం దొరకకపోతే నాట్ స్టేటెడ్. ఈ ఒక్క అలవాటు చేయించండి.

సిరి_వైజాగ్
ఐఈఎల్‌టీఎస్‌లో ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ అని ఉంటుంది, అచ్చం ఇదే. పెద్దవాళ్ళం కోచింగ్‌కి డబ్బులు కట్టి నేర్చుకునేది అక్కడ బడిలోనే నేర్పుతున్నారన్నమాట!

నెవా_ఒడ్డున
పదకొండో క్లాసు పరీక్షలో ఇంకా ముందుకెళ్తారు. ఏడు చిన్న పేరాలు, ఎనిమిది హెడ్డింగులు ఇచ్చి జతపరచమంటారు, ఒక హెడ్డింగ్ మిగిలిపోతుంది. పేరాలో ఉన్న మాటే హెడ్డింగ్‌లో కనిపించిందని పెట్టేస్తే చాలాసార్లు అది వల. ఇక ఓరల్‌లో ఒక పేరా పైకి చదవాలి. ముందుగా చూసుకోవడానికి నిమిషంన్నర, చదవడానికి నిమిషంన్నర. ఆ ఇంగ్లీష్ పరీక్ష ఐచ్ఛికమే. 2022 నుంచి అందరికీ తప్పనిసరి చేయాలనుకుని తర్వాత విరమించుకున్నారు.

బందరు_మాస్టారు
పైకి చదివించడం మంచి పరీక్ష. మన దగ్గర అదే కరువైంది.

రాదుగ_పాఠకుడు
చదవడంలో రష్యన్ పిల్లలకీ మన పిల్లలకీ చివరి హల్లు దగ్గర తేడా వస్తుంది. వాళ్ళ భాషలో మాట చివర 'గ', 'డ' లాంటివి గట్టిపడి 'క', 'ట' అయిపోతాయి, 'డాగ్'ని 'డాక్' అంటారు, 'బ్యాడ్', 'బ్యాట్' ఒకేలా వినిపిస్తాయి. మనమేమో చివర అచ్చు చేర్చి 'డాగు', 'బుక్కు' అంటాం. 'షిప్', 'షీప్' తేడా మనకి నల్లేరు మీద నడక, ఎందుకంటే తెలుగులో హ్రస్వం, దీర్ఘం మారితే అర్థమే మారిపోతుంది. రష్యన్‌లో ఆ తేడా లేదు, అందుకే దాని కోసం వాళ్ళు చాలా కష్టపడతారు. ఇద్దరికీ సమానంగా వచ్చే చిక్కు 'వ'. 'west', 'vest' రెండింటికీ మన దగ్గర ఉన్నది ఒకటే 'వ', వాళ్ళకీ ఒకటే.

మాధవిగారూ, పాప దగ్గర మూడు గడుల చిన్న నోట్‌బుక్ ఉందా? మాట, ఉచ్చారణ గుర్తులు, అర్థం రాసేది?

మాస్కో_మాధవి
ఉంది! మధ్య గడిలో ఏవో వింత అక్షరాలుంటే ఏమిటా అనుకున్నాను.

రాదుగ_పాఠకుడు
అవే ఉచ్చారణ గుర్తులు. చిన్న క్లాసుల్లోనే నేర్పేస్తారు. వాటిని అస్సలు నిర్లక్ష్యం చేయనివ్వకండి. కొత్త మాటని ఎవరూ పలికి వినిపించకపోయినా నిఘంటువు చూసి సరిగ్గా పలకగలిగే పిల్ల ఎవరి మీదా ఆధారపడదు. మన బడుల్లో కూడా ఇది ఉండాలని ఎన్నాళ్ళగానో నా కోరిక.

కజాన్_కుర్రాడు
అక్కా, ఇంకో హెచ్చరిక. ప్రతి పుస్తకానికీ జవాబులు నెట్‌లో ఉంటాయి, 'గే దే జే' అంటారు ఇక్కడ. హోమ్‌వర్క్ అంతా దాంట్లోంచి దించేస్తారు పిల్లలు. క్లాసులో మిగతావాళ్ళకి ఐదు, మీ పాపకి మూడు వచ్చిందంటే దానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

సత్తెనపల్లి_శ్రీను
తమ్ముడూ, నేను మొదటి నుంచీ అంటున్నది అదే. ఒకే జవాబున్న ఎక్సర్‌సైజ్ ఇస్తే దించేస్తారు. 'నువ్వు ఇంటికొచ్చేసరికి ఎవరెవరు ఏం చేస్తున్నారో ఐదు వాక్యాలు రాయి' అంటే దించగలరా?

బందరు_మాస్టారు
శ్రీనూ, ఆ మాట లక్షణంగా ఉంది. బ్రాకెట్లు విప్పాక అదే రూపంతో సొంత ఇంటి గురించి రాయించాలి. అప్పుడు రూల్ రూల్‌గా మిగిలిపోదు.

మాస్కో_మాధవి
నిన్న సాయంత్రం చేయించాను! ముందు హెడ్డింగ్ పైకి చదివించాను, తర్వాత ఆరు బ్రాకెట్లు విప్పించాను. అప్పుడు శ్రీనుగారు చెప్పినట్టు ఇంటి గురించి రాయమన్నాను. 'వెన్ ఐ కేమ్ హోమ్, మై ఫాదర్ వాజ్ స్లీపింగ్ ఆన్ ద సోఫా అండ్ ద టీవీ వాజ్ వాచింగ్ హిమ్' అని రాసింది. వాళ్ళ నాన్న చదివి ఒకటే నవ్వు. గ్రామర్‌లో ఒక్క తప్పు లేదు. టామ్ పాఠానికి పెన్సిల్ గీతలు కూడా గీయించాను, నాట్ స్టేటెడ్ ఎందుకో తనే నాకు వివరించింది.

'హావ్ యు గాట్' గొడవ మాత్రం తేలలేదు. టీచర్‌తో మాట్లాడాలా వద్దా?

నెవా_ఒడ్డున
మాట్లాడండి, కానీ మార్కు గురించి వద్దు. ఇక్కడి పుస్తకాలు బ్రిటిష్ పద్ధతిలో ఉంటాయి, చిన్న క్లాసుల్లో 'హావ్ గాట్' ముందు నేర్పుతారు. 'డు యు హావ్' కూడా సరైనదే, పాప ఇంట్లో అలా మాట్లాడుతుంది, ఏ పాఠంలో ఏది రాయాలో చెప్పండి అని అడగండి. నేను అడిగినప్పుడు మా అమ్మాయి టీచర్ చాలా సంతోషించారు. ఇంగ్లీష్ వచ్చిన పిల్ల క్లాసులో ఉంటే పైకి చదివే పని ఆమెకే అప్పగించేవారు.

సిరి_వైజాగ్
టీవీ వాజ్ వాచింగ్ హిమ్ 👏 ఆ పాపకి ఐదు వేయండి మాస్టారు.

బందరు_మాస్టారు
వేసేశాను. మాధవమ్మా, ఆర్టికల్స్ ఎక్సర్‌సైజ్ పేజీలు నాలుగైదు ఫోటోలు తీసి పెడతావా? మా తొమ్మిదో తరగతి వాళ్ళకి సోమవారం నుంచి మొదలుపెడతాను. సూచనలు కజాన్ అబ్బాయి తెలుగులో రాసిస్తాడు.

కజాన్_కుర్రాడు
రాసిస్తాను మాస్టారు, శుక్రవారం అనాటమీ టెస్ట్ అవగానే.